నడివయసులో లాంగ్ డిస్టెన్స్ ట్రయథ్లాన్, అదీ విరాళాల కోసం: ఏడాదిలో ఎలా సిద్ధం కావాలి

ముందు దూరాలు చెప్పుకుందాం. 3.8 కిలోమీటర్ల ఈత, ఒడ్డెక్కగానే 180 కిలోమీటర్ల సైకిలు, సైకిలు దిగగానే 42.2 కిలోమీటర్ల పరుగు. కలిపితే 226 కిలోమీటర్లు. 1978 ఫిబ్రవరిలో హవాయిలోని ఓహూ దీవిలో జాన్ కాలిన్స్, జూడీ కాలిన్స్ అనే దంపతులు, అక్కడ విడివిడిగా జరిగే మూడు పోటీల దూరాలను ఒకే రోజులో కుక్కి మొదలుపెట్టిన ఆట ఇది. ఆ రోజు 15 మంది బయల్దేరితే 12 మంది చివరిదాకా వచ్చారు. మొదట వచ్చిన గోర్డన్ హాలర్‌కే 11 గంటల 46 నిమిషాలు పట్టింది.

వయసు సంగతికొస్తే, మడోనా బ్యూడర్ అనే క్రైస్తవ సన్యాసిని 2012లో, 82 ఏళ్ల వయసులో ఈ దూరం పూర్తిచేశారు. ఆవిడ పరుగు మొదలుపెట్టిందే 48 ఏళ్లకి. మిమ్మల్ని ఉబ్బేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆవిడకి అప్పటికి ముప్ఫై ఏళ్ల పైచిలుకు సాధన ఉంది. మన చేతిలో ఉన్నది ఏడాది.

ఈ వయసులో దమ్ము పెరగదని అందరూ భయపడతారు. పెరుగుతుంది, నెమ్మదిగానైనా పెరుగుతుంది. దెబ్బకొట్టేది గాయం. దానికి విరాళాలు కూడా తోడైతే గాయం ఇంకా త్వరగా వస్తుంది, ఎందుకంటే పదిమందికి మాటిచ్చామన్న పంతంతో నొప్పి మీద పరిగెడతాం. నేను అదే చేశాను. అందుకే కింద చెప్పే పద్ధతంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: డబ్బు పోగుచేయడం ఒక లెక్క, పోటీ పూర్తిచేయడం ఇంకో లెక్క. రెండూ ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకోవాలి.

1. బూట్లు కొనకముందు డాక్టరు

రక్తపోటు, షుగరు, కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించుకోండి. డాక్టరు చెబితే ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చి ఉంటే ఆ మాట దాచకుండా చెప్పండి. ట్రయథ్లాన్‌లలో జరిగిన హఠాన్మరణాల్లో ఎక్కువ భాగం ఈతలోనే జరిగాయి. నలభై దాటిన మగవాళ్లకి ఈ ముప్పు ఎక్కువ. శిక్షణలో ఎప్పుడైనా ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా, మామూలుగా చేసే పనికే ఎప్పుడూ లేనంత ఆయాసం వచ్చినా ఆ రోజుకి ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. గ్యాసేమోలే అని సర్దిచెప్పుకునే వయసు మనది కాదు.

ఆడవాళ్లు ఐరన్ నిల్వలు, ఎముకల బలం గురించి కూడా అడగండి. నెలసరి ఆగిపోయే దశలో ఎముక త్వరగా పలచబడుతుంది. దానిమీద తక్కువ తిండి, ఎక్కువ పరుగు కలిస్తే ఎముకలో సన్నని పగుళ్లు వస్తాయి.

2. దూరం, తేదీ

నేరుగా పెద్దదానికి దూకొద్దు. స్ప్రింట్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్ దూరం 1.5, 40, 10. హాఫ్ అంటే 1.9, 90, 21.1. ఆగకుండా అరగంట పరిగెత్తగలిగి, కాస్తో కూస్తో ఈత వచ్చినవాళ్లకి ఏడాదిలో హాఫ్ హాయిగా కుదురుతుంది. ఫుల్, అంటే మొదట చెప్పిన 226 కిలోమీటర్లు, ఒక్క ఏడాదిలో కావాలంటే మొదటి రోజుకే వెనక ఏదో ఒక ఆటలో రెండు మూడేళ్ల అలవాటు ఉండాలి. లేదంటే ఏడాదిన్నర పెట్టుకోండి. ఈ హాఫ్ కూడా లాంగ్ డిస్టెన్సే, దానికి విరాళాలు తక్కువేమీ రావు.

ఫుల్‌కి ఎక్కువగా కనిపించే గడువులు ఇవి: ఈతకి 2 గంటల 20 నిమిషాలు, సైకిలు ముగిసేసరికి 10 గంటల 30 నిమిషాలు, మొత్తం 17 గంటలు. పోటీని బట్టి మారతాయి, మీ పోటీ నిబంధనలు చదవండి. ఇప్పుడు కాగితం తీసి మీ లెక్క వేసుకోండి. ఈత గంటా నలభై నిమిషాలు, బట్టలు మార్చుకోవడానికి పావుగంట, సైకిలు గంటకి 25 కిలోమీటర్ల చొప్పున 7 గంటల 12 నిమిషాలు, మళ్లీ పది నిమిషాలు, నడక పరుగు కలిపి ఆరు గంటలు. మొత్తం 15 గంటల 17 నిమిషాలు. సైకిలు వేగం 22కి పడితే ఇంకో గంట పోతుంది, అయినా గడువులోనే ఉంటారు. నిద్రపట్టని రాత్రుళ్లు నాకు ధైర్యం చెప్పింది ఈ లెక్కే.

3. సంస్థతో ముందే మాట్లాడండి

చాలామంది పోటీకి పేరిచ్చి, విరాళాల కోసం ఆన్‌లైన్ పేజీ తెరిచి, చివర్లో ఆ విరాళాలు అందుకునే సంస్థకి ఫోన్ చేస్తారు. తిరగేయండి. ముందు సంస్థ. మీకు నిజంగా సంబంధమున్న పనిని ఎంచుకోండి. నెలల తరబడి దాని గురించి మాట్లాడాలి, అరువు తెచ్చుకున్న బాధ రెండో నెలకే పలచబడుతుంది. ఆ సంస్థ నమోదైనదేనా, ఏటా లెక్కలు బయటపెడుతుందా చూడండి. వాళ్లని మూడు ప్రశ్నలు అడగండి. దాతల డబ్బు నేరుగా సంస్థ ఖాతాకే వచ్చేలా ఏర్పాటు ఉందా? రసీదు ఎవరిస్తారు, ఎన్ని రోజుల్లో? సంస్థ పేరు, గుర్తు వాడుకోవడానికి అనుమతి ఉందా? డబ్బు మీ సొంత ఖాతాలోకి రానివ్వకండి. మీరు ఎంత నిజాయితీపరులైనా సరే, రేపు చుట్టాల్లో ఎవరో ఒకరు లెక్క అడుగుతారు.

కొన్ని పోటీల్లో సంస్థలకి కొన్ని స్థానాలు కేటాయిస్తారు. ఇంత మొత్తం పోగుచేస్తామని ఒప్పుకుంటే ఆ స్థానం మీకిస్తారు. సంతకం పెట్టేముందు, మొత్తం తగ్గితే మిగిలింది మీరే కట్టాలా, గాయమై తప్పుకుంటే ఏమవుతుంది అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక అసలు విషయం. ప్రవేశ రుసుము, ప్రయాణం, సైకిలు, బస అన్నీ మీ జేబులోంచే పెట్టుకోండి, ఆ మాట పేజీలో రెండో వాక్యంగా రాయండి. "నా సరదాకి మీ డబ్బా" అన్న అనుమానం అక్కడితో పోతుంది. మూడో వాక్యంగా ఇది రాయండి: "నేను పోటీ పూర్తిచేసినా చేయకపోయినా మీ విరాళం సంస్థకే చేరుతుంది."

ఈ మూడో వాక్యం నేను మొదటిసారి రాయలేదు. "పూర్తిచేసి చూపిస్తా" అని డంబాలు కొట్టాను. పోటీకి తొమ్మిది వారాల ముందు కుడి పిక్కలో సన్నగా లాగడం మొదలైంది. మామూలుగానైతే నాలుగు రోజులు ఆపేవాణ్ణి. కానీ ఆ వారమే ఒక పాత స్నేహితుడు పెద్ద మొత్తం వేశాడు. ఆ మర్నాడు పొద్దున్నే 24 కిలోమీటర్లు పెట్టుకున్నాను. పదిహేడో కిలోమీటరు దగ్గర వెనకనుంచి ఎవరో రాయి విసిరినట్టు టప్‌మని తగిలింది. వెనక్కి తిరిగి చూశాను కూడా. ఎవరూ లేరు, పిక్క కండరం చిరిగింది. పోటీ వచ్చే ఏడాదికి వాయిదా పడిందని దాతలందరికీ రాయడానికి రెండు రోజులు సిగ్గుపడ్డాను. ఆ స్నేహితుడి జవాబు ఒక్క ముక్క: "డబ్బు ఎప్పుడో చేరిపోయింది, నువ్వు కాలు మీద ఐసు పెట్టుకో."

4. వారం ఎలా గడవాలి

మొదట్లో వారానికి ఏడెనిమిది గంటలు, ఫుల్‌కి ముందు రెండు మూడు నెలలు పన్నెండు దాకా. అంతకన్నా ఎక్కువ ఉద్యోగం, సంసారం ఉన్నవాళ్లకి అనవసరం. మూడు ఈతలు, మూడు సైకిళ్లు, మూడు పరుగులు, రెండు బరువుల రోజులు, ఒక పూర్తి విశ్రాంతి. పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి పెట్టుకుంటేనే ఇది కుదురుతుంది. కుదరని వారం ఈతల్లోంచి ఒకటి తీసేయండి, బరువులు తీసేయకండి.

బరువులు ఎందుకంటే, ఈ వయసులో కండ ఏటా కొంచెం కొంచెం కరుగుతుంది. పరుగూ సైకిలూ దాన్ని ఆపలేవు. గుంజీలు, నేలమీంచి బరువు ఎత్తడం, ఒంటికాలి మీద మడమలు లేపడం చాలు. మడమలు లేపే వ్యాయామం చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. పిక్క చిరిగినవాణ్ణి చెబుతున్నాను, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కండరం వారాల్లో బలపడుతుంది. కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే టెండన్‌కి నెలలు కావాలి. గుండె "పద" అంటుంది, మడమ "ఆగు" అంటుంది. మడమ మాట వినండి.

శిక్షణలో పది పాళ్లకి ఎనిమిది పాళ్లు పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత తేలిగ్గా సాగాలి. గడియారం చూసుకునేవాళ్లు గరిష్ఠ గుండె వేగాన్ని 208లోంచి వయసుకి 0.7 రెట్లు తీసేసి అంచనా వేసుకోవచ్చు. యాభై ఏళ్లకి 173 వస్తుంది. మనిషి మనిషికీ పదేసి అంకెలు తేడా ఉంటుంది కాబట్టి మాటల పరీక్షే మేలు. తేలిక రోజుల్లో మిమ్మల్ని దాటిపోయేవాళ్లని పోనివ్వడం ఈ శిక్షణలో అన్నిటికన్నా కష్టమైన పాఠం.

కుర్రాళ్లు మూడు వారాలు పెంచి ఒక వారం తగ్గిస్తారు. మనం రెండు వారాలు పెంచి మూడో వారం సగానికి దించాలి. నిద్ర ఏడు గంటలకి తగ్గితే మర్నాటి కఠినమైన సాధన మానేయండి, ఇంకో రోజు దాన్ని పూడ్చబోకండి. ఇంట్లోవాళ్లతో నెల మొదట్లోనే కూర్చుని, ఏ ఆదివారాలు మీవో ఏవి వాళ్లవో రాసుకోండి. పోటీ రోజున గట్టు మీద నిలబడి అరిచేది వాళ్లే.

5. ఈత

నడివయసులో మొదలుపెట్టేవాళ్లకి ఈత బలంతో వచ్చేది కాదు. మీరు ఎంత గట్టిగా కొట్టుకుంటే నీళ్లు అంత వెనక్కి లాగుతాయి. మొదటి మూడు నెలలు గురువు దగ్గర నేర్చుకోండి. తప్పుగా వెయ్యి బారలు వేస్తే ఆ తప్పే గట్టిపడుతుంది. మొదటి పాఠం ఊపిరి వదలడం. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కుతో బుడగలు వదులుతూనే ఉండాలి. అప్పుడు తల తిప్పగానే పీల్చుకోవడమే మిగులుతుంది. ఊపిరి బిగబట్టి ఈదేవాళ్లకి నాలుగో బారకే గుండె దడ మొదలవుతుంది.

కొలనులో 2 కిలోమీటర్లు ఆగకుండా ఈదగలిగాక చెరువుకో సముద్రానికో వెళ్లండి, ఒంటరిగా మాత్రం ఎప్పుడూ వద్దు. నడుముకి నీళ్ల మీద తేలే రంగు బంతి కట్టుకోండి. అక్కడ అడుగున గీతలుండవు, గోడ ఉండదు. ఆరు నుంచి పది బారలకోసారి మొసలిలా కళ్లు మాత్రం పైకి లేపి దారి చూసుకోవాలి. నా మొదటిసారి, ఎనభై మీటర్లు వెళ్లేసరికి కింద ఆకుపచ్చ చీకటి తప్ప ఏమీ కనబడలేదు. గొంతు బిగుసుకుపోయింది. వచ్చిన ఈత అంతా మర్చిపోయాను. అప్పుడు చేయాల్సింది ఒకటే: వెల్లకిలా తిరిగి, చెవులు నీళ్లలో మునగనిచ్చి, ఆకాశం చూస్తూ పది ఊపిర్లు లెక్కపెట్టండి. పోటీలో అయితే రక్షక పడవని పట్టుకోవచ్చు. పడవ సాయంతో ముందుకి కదలనంతవరకూ అది తప్పు కాదు. ఈ వెల్లకిలా తిరగడాన్ని కూడా కొలనులో సాధన చేయండి. భయమేసినప్పుడు కొత్త విద్య గుర్తురాదు.

వెట్‌సూట్, అంటే ఈతకి వేసుకునే రబ్బరు సూటు, నీళ్లలో తేల్చుతుంది, కాళ్లు పైకి లేస్తాయి. చాలా పెద్ద పోటీల్లో నీళ్లు 24.5 డిగ్రీలు దాటితే వయసువారీ విభాగాల్లో పతకాలకి పోటీపడేవాళ్లు దాన్ని వేసుకోకూడదు. కొత్త సూటు పోటీ రోజునే వేసుకుంటే మెడ ఒరుసుకుపోయి రెండు రోజులు చొక్కా కాలరు తగలనివ్వదు.

6. సైకిలు

ఖరీదైన సైకిలు అక్కర్లేదు, ఒంటికి సరిపడే సైకిలు కావాలి. సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం తెలిసినవాళ్ల చేత కొలిపించి సరిచేయించుకోండి. ఏడు గంటలు అదే భంగిమలో ఉండాలి, నడుము వంగే తీరు ఇరవై ఏళ్లప్పటిది కాదు. వారానికొకటి పొడవు సవారీ: రెండు గంటలతో మొదలై ఐదారు గంటల దాకా. ముందు సైకిలు వెనక నక్కి గాలి తప్పించుకోవడం ఈ పోటీల్లో నేరం. సాధారణంగా 12 మీటర్ల దూరం పాటించాలి. కాబట్టి సాధనలో కొన్ని సవారీలైనా ఒంటరిగా, గాలికి ఎదురుగా చేయండి.

పంక్చరు మార్చడం కళ్లు మూసుకుని రావాలి. చక్రం విప్పి, మిగిలిన గాలి తీసేసి, లివర్లతో టైరుని ఒక పక్క అంచునుంచి తప్పించి, పాత ట్యూబు లాగేయండి. ఇప్పుడు అందరూ మర్చిపోయే పని: టైరు లోపలి వైపు వేళ్లతో చుట్టూ తడమండి, మెల్లగా. ముల్లో గాజుముక్కో ఇంకా అక్కడే ఉంటుంది. తీయకపోతే కొత్త ట్యూబు కూడా అయిదు నిమిషాల్లో పోతుంది. తర్వాత కొత్త ట్యూబులోకి కొంచెం గాలి ఊది గుండ్రంగా చేసి లోపల పెట్టి, బొటనవేళ్లతో టైరు ఎక్కించండి. ట్యూబు ఎక్కడా నలగలేదని చూశాకే పూర్తి గాలి. ఇంట్లో పదిసార్లు చేస్తే రోడ్డు మీద పది నిమిషాల పని.

7. పరుగు, బ్రిక్

గాయాలు పరుగులోనే ఎక్కువ, అందుకని ఇందులోనే అతి పిసినారిగా ఉండండి. పొడవు పరుగు రెండున్నర గంటలు దాటనక్కర్లేదు. మొదటి రోజునుంచే నడక కలపండి: తొమ్మిది నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. అది ఓడిపోవడంలా అనిపిస్తే, ఆఖరి పది కిలోమీటర్లలో ఎంతమంది నడుస్తారో పోటీకి వెళ్లి చూసి రండి.

సైకిలు దిగిన వెంటనే పరిగెత్తడాన్ని బ్రిక్ అంటారు. దిగగానే కాళ్లు మనవి కానట్టు ఉంటాయి. తొక్కుడు లయ ఇంకా వదలదు, మోకాళ్లు గుండ్రంగా తిరగాలని చూస్తాయి. పది పదిహేను నిమిషాల్లో సర్దుకుంటుంది. వారానికొకసారి సైకిలు తర్వాత ఇరవై నిమిషాలు పరిగెత్తితే చాలు. మొదటి కిలోమీటరు కావాలనే నెమ్మదిగా వెళ్లండి, ఆ మత్తులో ఎంత వేగంగా పోతున్నామో తెలియదు.

8. తిండి, నీళ్లు

ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం సుమారు రెండు వేల క్యాలరీలు. ఈ పోటీకి అది ఏ మూలకీ రాదు. అందుకే సైకిలు ఎక్కిన పావుగంటనుంచే గంటకి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలి. పొట్ట అలవాటుపడితే గ్లూకోజు, ఫ్రక్టోజు కలిసినవాటితో 90 దాకా వెళ్లొచ్చు. పొట్టకి కూడా శిక్షణ కావాలి. ప్రతి పొడవు సవారీలో పోటీ రోజు తినబోయేదే తినండి. దాహం వేసినప్పుడు తాగండి, భయంతో లీటర్లకి లీటర్లు వట్టి నీళ్లు తాగకండి. ఒంట్లో సోడియం పలచబడితే తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి. అది ప్రాణం మీదికి కూడా తెస్తుంది.

9. అడగడం

పోటీకి నాలుగు నెలల ముందు పేజీ తెరవండి. సున్నా దగ్గరున్న పేజీలో మొదటి విరాళం వేయడానికి అందరికీ మొహమాటమే. కాబట్టి మొదటిది మీరే వేయండి, తర్వాత బాగా దగ్గరి నలుగురిని ముందే అడిగి వేయించండి. తర్వాత వచ్చేవాళ్లు పైనున్న అంకెలు చూసే తమ అంకె నిర్ణయించుకుంటారు.

గుంపుకి పంపే సందేశానికి జవాబివ్వాల్సిన బాధ్యత ఎవరికీ ఉండదు. ఒక్కొక్కరికీ పేరుతో, వాళ్లకి మాత్రమే వర్తించే ఒక మాటతో రాయండి. రోజుకి ఐదుగురు, అంతకంటే వద్దు. మొత్తం ఎంత కావాలో చెప్పి ఊరుకోకండి, ఇంత ఇస్తే ఏం జరుగుతుందో సంస్థని అడిగి చెప్పండి. ఉద్యోగులు పోగుచేసినంత తామూ కలిపే కంపెనీలున్నాయి. మీ ఆఫీసులో అడగండి. రెండువారాలకోసారి కబురు చెప్పండి, అందులో కిలోమీటర్లు తక్కువ, సంస్థ పని ఎక్కువ ఉండాలి. మీ బొబ్బల ఫొటో ఒకటి చాలు. ఇవ్వనివాళ్లకి ఒక్కసారే గుర్తుచేయండి. ఆ తర్వాత వాళ్లు ఎదురుపడితే విరాళం ఊసు ఎత్తకండి.

10. ఆఖరి మూడు వారాలు, ఆ రోజు

శిక్షణ మొత్తాన్ని మూడు వారాల్లో మెట్లు మెట్లుగా సగానికీ, ఆపైన ఇంకా కిందికీ దించండి. వేగం చిన్న చిన్న తునకలుగా ఉంచండి. ఈ రోజుల్లో లేని నొప్పులన్నీ ఉన్నట్టే అనిపిస్తాయి, పట్టించుకోకండి. కొత్త బూట్లు, కొత్త తిండి, కొత్త సలహా ఏవీ వద్దు.

ఈతలో గుంపు పక్కకి నిలబడి మొదలుపెట్టండి. సైకిలు మొదటి గంట మరీ తేలిగ్గా ఉందే అనిపించాలి. చంకలు, తొడలు ఒరుసుకోకుండా వేజలీన్ దట్టంగా రాయండి. పరుగులో ఒక నీళ్ల బల్లనుంచి తర్వాతి బల్లదాకా మాత్రమే లెక్కపెట్టండి. ఎక్కడైనా ఛాతీలో తేడాగా అనిపిస్తే ఆగి వైద్య సిబ్బందిని పిలవండి. మూడో వాక్యం పేజీలో ఉంది కదా, మీరెవరికీ ఏమీ బాకీ లేరు.

11. మర్నాటినుంచి

చాలా డబ్బు పోటీ రోజున, ఆ తర్వాతి వారంలో వస్తుంది, పేజీ వెంటనే మూయకండి. రెండు రోజుల్లో ఒక ఫొటో, ఒక అంకె, ఒక కృతజ్ఞత పెట్టండి. నెలలోపు దాతలందరికీ మొత్తం ఎంత వచ్చింది, పేజీ నడిపినవాళ్లు ఎంత మినహాయించుకున్నారు, సంస్థకి ఎంత చేరింది రాసి, సంస్థ ఇచ్చిన రసీదు జతచేయండి. రెండు వారాలు పరుగు జోలికి వెళ్లకండి. మెట్లు దిగేటప్పుడు మాత్రం మొదటి నాలుగు రోజులు వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని దిగండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.